పెద్దయ్యాక వీడియో గేమ్స్ మానేయాలా?

తెలుగునాట వీడియో గేమ్స్‌తో పెరిగిన మొదటి పెద్ద తరం ఇప్పుడు నలభైకి అటూ ఇటూగా ఉంది. 2000 తర్వాతి దశకంలో ఇంజనీరింగ్ హాస్టల్ గదుల్లో కంప్యూటర్లను లాన్ వైర్లతో కలుపుకొని తెల్లవార్లూ కౌంటర్ స్ట్రైక్ ఆడినవారు, ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడినవారు ఈనాడు ఇంటి రుణానికి వాయిదాలు కడుతూ, పిల్లలను స్కూలు బస్సు ఎక్కిస్తూ, అందరూ పడుకున్నాక ఒక గంట మిగిలితే దాన్ని ఏం చేసుకోవాలా అని ఆలోచిస్తున్నారు. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చౌకగా దొరకడం, 2018లో పబ్‌జీ మొబైల్ విడుదల కావడం వల్ల ఈ ఆటలలోకి వచ్చిన తర్వాతి తరం కూడా ఇప్పుడు ఉద్యోగాలలో, కొత్త కాపురాలలో కుదురుకుంటోంది. ఈ రెండు తరాలకూ ఏదో ఒక రోజు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఇక ఇవి మానేయాలా?

ఆ ప్రశ్న వేసుకునే మనిషి చాలాసార్లు నష్టాన్ని లెక్క చూసి వేసుకోడు, సిగ్గుపడి వేసుకుంటాడు. "ఇంత వయసొచ్చింది, ఇంకా ఆటలేమిట్రా" అని తల్లి అనడంలోనూ, భార్య ఏమీ అనకుండా గదిలో లైటు ఆర్పేసి అటు తిరిగి పడుకోవడంలోనూ ఉన్న అభిప్రాయం ఒక్కటే, ఆట అనేది పిల్లల వ్యవహారమని. అదే ఇంట్లో ఐపీఎల్ చూడటం మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు. 2022 నుంచి 2025 వరకు ఒక్కో సీజన్‌కు 74 మ్యాచ్‌లు జరిగాయి. మ్యాచ్‌కు సుమారు మూడున్నర గంటలు వేసుకుంటే, అన్నీ చూసే అభిమానికి రెండు నెలల్లో దాదాపు 260 గంటలు పోతాయి. రోజుకు గంటసేపు వీడియో గేమ్ ఆడేవాడు అంత కాలం ఖర్చు పెట్టాలంటే ఎనిమిదిన్నర నెలలు పడుతుంది. ఇక ఫోనులో మూడు నిమిషాల బ్లిట్జ్ చదరంగం ఒకదాని మీద ఒకటి ముప్పై ఆడేవాడిని ఎవరూ ఏమీ అనరు, పైగా తెలివైనవాడని అనుకుంటారు. ఆటకున్న గౌరవం వేరు, ఆట చేసే నష్టం వేరు. ఈ రెండింటినీ కలిపి చూసినంత కాలం మానేయడం గురించి తీసుకునే నిర్ణయం నిలవదు. సిగ్గుతో మానినవాడు ఇంట్లో ఎవరూ లేని రోజున మళ్ళీ మొదలుపెడతాడు.

మన నీతిశాస్త్రాలు చెప్పిన సప్తవ్యసనాల జాబితా ఇక్కడ పనికొస్తుంది. అందులో జూదం, మద్యపానం పక్కనే వేట కూడా ఉంది. వేట రాజుకు నిషిద్ధం కాదు, అతని విద్యలలో ఒకటి. వేటలో పడి రాజ్యం సంగతి మరిచిపోవడమే దాన్ని వ్యసనంగా మార్చింది. బాధ్యత ఉన్నవాడి కోసం రాసిన జాబితా కాబట్టి, చేసే పని మంచిదా చెడ్డదా అని కాక, దానివల్ల ఏ పని చెడుతోందని అది అడిగింది. ఆధునిక వైద్యం కూడా కొంచెం తిరిగి ఇదే కొలత దగ్గరికి చేరింది. 2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 అనే రోగాల వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు చోటు దక్కింది. ఆట మీద అదుపు తప్పడం, జీవితంలోని ఇతర ఆసక్తుల కన్నా రోజువారీ పనుల కన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ళ ముందు కనిపిస్తున్నా ఆపకపోవడం అనేవి ఆ రుగ్మతకు గుర్తులు. వాటివల్ల కుటుంబంలోనో, చదువులోనో, ఉద్యోగంలోనో గణనీయమైన చేటు జరుగుతూ ఉండాలి, సాధారణంగా ఆ పరిస్థితి 12 నెలలపాటు కనిపించాలి. ఇందులో ఎక్కడా గంటల లెక్క లేదు.

ఈ నిర్వచనంలోకి వచ్చేవారు తక్కువే. 2017లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వెలువడిన అధ్యయనం అమెరికా, బ్రిటన్, కెనడా, జర్మనీ దేశాల వయోజనులను పరిశీలించి, మొత్తం జనాభాలో 0.3 నుంచి 1 శాతం వరకు మాత్రమే ఇటువంటి రుగ్మత పరిధిలోకి రావచ్చని అంచనా వేసింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ప్రచురించిన మరో అధ్యయనం ఏడు ఆటలకు చెందిన దాదాపు 39 వేల మంది ఆటగాళ్ళను తీసుకొని, వారు చెప్పిన గంటలను కాక కంపెనీల సర్వర్లలో నమోదైన గంటలను చూసింది. ఆడే సమయం పెరిగినా తగ్గినా మానసిక క్షేమంలో చెప్పుకోదగ్గ తేడా అందులో కనిపించలేదు. తేడా కనిపించింది మరో చోట: ఇష్టంతో ఆడుతున్నవారి స్థితి కొంత మెరుగ్గా, ఆడక తప్పదన్న ఒత్తిడితో ఆడుతున్నవారి స్థితి కొంత అధ్వాన్నంగా ఉంది. కోవిడ్ కాలంలో జపాన్‌లో గేమ్ కన్సోళ్ళకు, అంటే ఆటల కోసమే తయారైన యంత్రాలకు, కొరత ఏర్పడి దుకాణాలు లాటరీ వేసి అమ్మడంతో, లాటరీ తగిలినవారినీ తగలనివారినీ పోల్చే అరుదైన అవకాశం పరిశోధకులకు దొరికింది. 2024లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం కన్సోల్ చేతికి వచ్చినవారి మానసిక స్థితి కొంత మెరుగుపడింది. అయితే రోజుకు మూడు గంటలు దాటాక ఆ లాభం తగ్గుతూ వచ్చింది. బయటికి వెళ్ళే వీలు లేని రోజులలో తేలిన ఫలితాన్ని మామూలు రోజులకు యథాతథంగా వర్తింపజేయలేము. కానీ వీడియో గేమ్ ఆడటమే రోగమన్న మాట నిలబడదని చెప్పడానికి ఇంత ఆధారం చాలు.

రోగం కానంత మాత్రాన మానాల్సిన అవసరం లేదని కూడా తేలదు. పెళ్ళీ పిల్లలూ ఉద్యోగమూ ఉన్న మనిషికి నిజంగా కొరత ఉన్నది సమయానికి కాదు, మధ్యలో ఎవరూ లేపని సమయానికి. రోజంతా కలిపి చూస్తే అతనికి రెండు మూడు గంటలు దొరుకుతాయి. అవి పది నిమిషాలు, ఇరవై నిమిషాల ముక్కలుగా, ఎప్పుడు తెగుతాయో తెలియకుండా దొరుకుతాయి. ఆన్‌లైన్ ఆట అడిగేది సరిగ్గా అతని దగ్గర లేనిదే. వంద మంది ఒకేసారి దిగే పబ్‌జీ తరహా ఆటలో చివరిదాకా నిలిస్తే ఒక్కో మ్యాచ్‌కు అరగంట పడుతుంది, డోటా 2 వంటి వాటిలో ముప్పావు గంట దాటడం మామూలే. అటువంటి మ్యాచ్‌ను మన ఇష్టం వచ్చినంతసేపు మధ్యలో ఆపి ఉంచడం కుదరదు. లేచి వెళ్ళిపోతే జట్టు నష్టపోతుంది, కొన్ని ఆటలలో వెళ్ళిపోయినవాడికి శిక్ష కూడా పడుతుంది. పక్కగదిలో పసిపాప ఏడ్చినప్పుడు తండ్రి "రెండు నిమిషాలు" అనడానికి కారణం పాప మీద ప్రేమ లేకపోవడం కాదు. ఆ క్షణాన అతను అవతల ముగ్గురికి మాట ఇచ్చి ఉన్నాడు. ఇంట్లో జరిగే గొడవల్లో ఎక్కువ భాగం ఆడిన గంటల మీద కాక, ఈ రెండు నిమిషాల మీదే జరుగుతాయి.

ఒంటరిగా ఆడుకునే ఆటల తీరు వేరు. ప్లేస్టేషన్ 5, నింటెండో స్విచ్ వంటి కన్సోళ్ళు ఆటను ఉన్నచోటే నిద్రపుచ్చి, రేపు బటన్ నొక్కితే అదే అడుగు దగ్గర లేపుతాయి. పప్పు పొంగినా, తలుపు తట్టినా, అత్తగారు ఫోన్ చేసినా లేచి వెళ్ళవచ్చు. ఇద్దరూ రోజుకు గంటే ఆడుతున్నా, ఆపగలిగే ఆట ఆడేవాడూ ఆపలేని ఆట ఆడేవాడూ ఒకే ఇంట్లో ఒకే మనుషుల మధ్య పూర్తిగా భిన్నమైన జీవితాలు గడుపుతారు. వీడియో గేమ్స్ మొత్తాన్ని ఒక గంపలో వేసి ఉంచాలా పారేయాలా అని తర్జనభర్జన పడేవారు సాధారణంగా ఈ తేడాను చూడరు. చూస్తే, మానాల్సినది గేమింగ్ అనే అలవాటు కాదని, ఫోనులో ఉన్న ఒకటో రెండో పేర్లని చాలామందికి అర్థమవుతుంది.

రెండో తేడా ముగింపుకు సంబంధించినది. కొన్ని ఆటలకు కథ ఉంటుంది. యాభై గంటలో అరవై గంటలో పట్టినా చివరికి అది అయిపోతుంది, నవల చదివి అట్ట మూసినట్టు మనిషి లేచిపోతాడు. ఇప్పుడు ఫోన్లలో ఎక్కువగా ఆడేవి అలాంటివి కావు. అవి ఉచితంగా దొరుకుతాయి కాబట్టి, మనిషి రేపు కూడా తిరిగి రావడం మీదే వాటి ఆదాయం ఆధారపడి ఉంటుంది. అందుకే రోజూ తెరిస్తే ఒక బహుమతి, వరుసగా ఏడు రోజులు తెరిస్తే పెద్ద బహుమతి, రెండు నెలల సీజన్ ముగిసేలోగా పూర్తి చేయకపోతే ఆటలోని పాత్రకు మళ్ళీ దొరకని దుస్తులు, సీజన్ మారగానే కిందికి దిగిపోయే ర్యాంకు వంటి ఏర్పాట్లు వాటిలో ఉంటాయి. క్యాండీ క్రష్‌లో ప్రాణాలు అయిదే. పోయిన ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. ఆట ఆడటాన్ని తగ్గించడానికి పెట్టినట్టు కనిపించే ఈ నియమం నిజానికి అరగంటకోసారి ఫోను వైపు చూసే పనిని మనిషికి అప్పగిస్తుంది. బహుమతి ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు ప్రాణి మరింత పట్టుదలగా మీట నొక్కుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ గత శతాబ్దం మధ్యలోనే పావురాల మీద ప్రయోగాలతో చూపించాడు. ఆటలలో, లోపల ఏముందో తెలియని పెట్టెను డబ్బు పెట్టి తెరిచే పద్ధతి దాని మీదే నిలిచింది. అటువంటి పెట్టెలలో కొన్ని జూదం కిందికే వస్తాయని బెల్జియం 2018లో తేల్చింది. ఆక్స్‌ఫర్డ్ అధ్యయనంలో నష్టపోయినట్టు కనిపించిన 'ఆడక తప్పనివారు' ఇటువంటి ఏర్పాట్ల మధ్యే తయారవుతారని అనుకోవడానికి ఆస్కారం ఉంది. రాత్రి పన్నెండుకు నిద్ర ఆపుకొని, సరదా ఏమీ లేకుండా, ఆట అప్పగించిన ఆ రోజు పనులు పూర్తి చేస్తున్న మనిషి ఆఫీసులో మిగిలిన పనిని ఇంటికి తెచ్చుకున్నవాడికి ఏమీ తీసిపోడు. తేడా అల్లా, ఈ రెండో ఉద్యోగానికి జీతం అతనే కడుతున్నాడు.

డబ్బు పెట్టి, డబ్బు కోసం ఆడే రమ్మీ వంటివాటి గురించి ఇంత ఆలోచన అక్కర్లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ ఆ నిషేధాన్ని విస్తరించింది. ఆడినవారిని కాక, ఆడించినవారిని, ప్రకటనలు ఇచ్చినవారిని శిక్షించేలా అది రూపొందింది. ఇ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా నిర్వహించే వీడియో గేమ్స్‌ను, అదే చట్టం వేరుచేసి గుర్తించింది. డబ్బు ఆటలో చిక్కుకున్నవాడికి మెల్లగా తగ్గించుకునే సలహా ఇవ్వడం ప్రమాదం.

మామూలు ఆటలలోనూ ఒక తర్కం మాత్రం జూదరిదే. ఆరేళ్ళుగా పెంచిన ఖాతా, వేలు ఖర్చు పెట్టి ఆటలోని తుపాకులకు కొన్న రంగులు, కష్టపడి చేరుకున్న ర్యాంకు ఇప్పుడు వదిలేస్తే అంతా వృథా అవుతుందన్న బాధ చాలామందిని ఇష్టం తీరిపోయిన ఆటలో కూడా కట్టిపడేస్తుంది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలన్న సామెత మనవాళ్ళకు పేకాట బల్ల దగ్గర ఎంత చేటు చేసిందో తెలిసిందే. ఆ ఆరేళ్ళ వినోదం ఆ ఆరేళ్ళలోనే అందింది, ఖాతాలో దాగి లేదు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించినప్పుడు ఎంతోమంది ర్యాంకులూ కొనుగోళ్ళూ ఒక్క ప్రకటనతో అందకుండా పోయాయి. దాని స్థానంలో 2021 జూలైలో వచ్చిన బీజీఎంఐని కూడా మరుసటి ఏడాది జూలైలో తొలగించారు, 2023 మేలో మళ్ళీ అనుమతించారు. కంపెనీ సర్వర్లో ఉన్నదాన్ని ఆస్తిగా భావించడం ఎంత బలహీనమైన ఊహో ఆ మూడేళ్ళు చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు.

ఖాతా కన్నా వదులుకోవడం కష్టమైనది స్నేహం, దానికి ఎక్కువ విలువే ఇవ్వాలి. హాస్టల్లో కలిసి ఆడిన నలుగురిలో ఒకడు గచ్చిబౌలిలో, ఒకడు విశాఖలో, ఇద్దరు అమెరికాలో ఉంటే, వారిని వారానికోసారి కలిపి కూర్చోబెట్టేది ఇంకేదీ లేకపోవచ్చు. హైదరాబాద్‌లో శనివారం రాత్రి పది అయితే వేసవిలో డాలస్‌లో ఉదయం పదకొండున్నర. ఆ సమయానికి హెడ్‌సెట్లు పెట్టుకున్నవారు సగం ఆట ఆడతారు, సగం బాస్‌ను తిట్టుకుంటారు, ఎవరి నాన్నకు ఆపరేషన్ అయిందో, ఎవరికి ఉద్యోగం పోయిందో ఆ మాటల మధ్యే బయటపడుతుంది. మగవారు ఊరికే ఫోన్ చేసి "ఎలా ఉన్నావ్‌రా" అని అరగంట మాట్లాడుకోవడం మన దగ్గర అంతగా కనిపించదు. చేతికి ఏదో పని ఉంటేనే వారికి నోరు పెగులుతుంది, ఒకప్పుడు ఆ పని రచ్చబండ మీద పులిజూదమో పేక ముక్కలో చేసేవి. ఆట మానేసి ఈ పలకరింపు కూడా పోగొట్టుకున్న మనిషికి ఆరోగ్యం పెరిగిందని చెప్పడం కష్టం. అదే సమయంలో, ఆ నలుగురూ ఎప్పుడో తప్పుకొని, ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివారితో రోజూ ఆడుతూ దాన్ని స్నేహం పేరుతో సమర్థించుకునేవారు కూడా ఉన్నారు. తన జట్టులో ఉన్నవారి పూర్తి పేర్లు తెలుసా అని అడిగి చూస్తే ఎవరు ఏ రకమో తేలిపోతుంది.

ఇంత ఆలోచించినా తేలనిది ఒక నెల ఆపి చూస్తే తేలుతుంది. గమనించాల్సింది ఆట మీదికి మనసు ఎంత లాగుతోందన్నది కాదు. మొదటి వారం లాగుతూనే ఉంటుంది. చూడాల్సింది ఆ ఖాళీ గంటలోకి ఏం వచ్చి చేరిందన్నది. నిద్ర చేరితే, పొద్దున పిల్లల మీద విసుగు తగ్గితే, రెండేళ్ళుగా వాయిదా పడుతున్న సర్టిఫికేషన్ పుస్తకం తెరుచుకుంటే ఆట నిజంగానే ఏదో తినేస్తోందని అర్థం. ఆ గంట రీల్స్ చూడటానికి పోతే, ఆట దొంగ కాదు. అలసిపోయిన మనిషి ఏదో ఒకదానికి ఆ గంటను ఇచ్చేస్తున్నాడు, అంతే. అలాంటివాడు ఆట మాని బాగుపడింది ఏమీ ఉండదు. బొటనవేలితో తెరను పైకి తోస్తూ ఉండటం కన్నా, కనీసం ఆలోచన, మెలకువ అడిగే ఆటే నయమని కూడా వాదించవచ్చు.

నెల ఆపడమే సాధ్యం కానివారు ఉంటారు. మూడు రోజులకే మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, ఆ సంగతి ఇంట్లో దాచేవారు, "ఇంకొక్క మ్యాచ్" అని నాలుగు గంటల వరకు కూర్చుని మరుసటి రోజు సెలవు పెట్టేవారు, ఆడిన సమయం గురించీ పెట్టిన డబ్బు గురించీ అబద్ధం చెప్పేవారు వీరిలో ఉంటారు. వారితో మితం గురించి మాట్లాడి లాభం లేదు. రోజుకు ఒక గంట అని ప్రతి రాత్రీ తనతో తాను బేరమాడుకోవడం కన్నా, పూర్తిగా వదిలేయడం వారికి తేలిక; బేరం ఉన్నంత కాలం ఆట మీదే ధ్యాస ఉంటుంది. అయితే ఇక్కడ కారణమేదో ఫలితమేదో తికమకపడే ప్రమాదం ఉంది. దిగులు వల్ల ఆటలోకి పారిపోయిన మనిషి చేతిలోంచి ఆటను లాగేస్తే దిగులు మిగులుతుంది, పారిపోయే చోటు పోతుంది. ఆకలి, నిద్ర, పని మీద ఆసక్తి ఆటకు ముందే తగ్గి ఉంటే వైద్యుడిని కలవడం మొదటి పని కావాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో సాంకేతికత వాడకపు సమస్యల కోసమే షట్ క్లినిక్ 2014 నుంచి పనిచేస్తోంది. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌ను 14416 నంబరులో తెలుగులోనే సంప్రదించవచ్చు.

మానడానికి నిర్ణయించుకున్నవారు ఖాతాను ఆవేశంలో తొలగించడం కన్నా, ముందు ఫోనులోంచి యాప్ తీసేసి, ఆటలోని స్నేహితులకు ఆ మాట చెప్పి, మాట్లాడుకోవడానికి వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంచుకోవడం పనిచేస్తుంది. చెప్పకుండా తప్పుకున్నవాడిని ప్రతి రాత్రీ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. కన్సోల్ అమ్మేయడం దిగమింగుకోలేని పనైతే దాన్ని పడకగది నుంచి హాల్లోకి మార్చినా చాలా మారుతుంది. ఉంచుకోవడానికి నిర్ణయించుకున్నవారు ఇంట్లో దాన్ని దొంగచాటు పనిగా ఉంచకూడదు. శనివారం రాత్రి పది నుంచి పన్నెండు వరకు మ్యాచ్ ఉందని భార్యకు ముందే చెప్పి, ఆ రెండు గంటలలో పాప లేస్తే ఆమె చూసుకునేలా, ఆదివారం ఉదయం అవే రెండు గంటలు ఆమె నిద్రకో, వాకింగ్‌కో, మరే పనీ లేకుండా కూర్చోవడానికో వదిలి, ఇల్లూ పాపా తన చేతుల్లో పెట్టుకునేలా మాట్లాడుకోవాలి. ఆదివారం ఉదయం ఆరింటికి లేవలేకపోతున్నాడంటే శనివారం మ్యాచ్ పన్నెండుకు ఆగలేదన్నమాట; ఆ సంగతి తేల్చడానికి అధ్యయనాలు అక్కర్లేదు, వంటింట్లో స్టవ్ వెలిగించినది ఎవరో చూస్తే చాలు.